చెక్కు ఇచ్చే రోజున పిలిస్తే సరిపోదు

సంపాదకులకు,

ఎక్కడ అఘాయిత్యం జరిగినా మర్నాడు పత్రికల్లో ‘బాధితులకు అండగా ఉంటాం’ అనే ప్రకటన వస్తుంది. మళ్లీ ఆ బాధితులు పత్రికలో కనబడేది పరిహారం చెక్కు అందుకునే రోజునే. ఈ రెండు వార్తల నడుమ దర్యాప్తు, కోర్టు వాయిదాలు, పరిహారం లెక్కలు ఏళ్ల తరబడి సాగుతాయి. అన్యాయం జరిగింది ఎవరికో, ఆ మనుషులను అడిగి చేసే పని ఆ కాలమంతటిలో దాదాపు ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

విశాఖపట్నంలో ఈ మాట ఎత్తితే వాకపల్లి గుర్తుకు రాక మానదు. ఆ ఊరి పేరు రాయడానికి మాకు మనసొప్పడం లేదు. అంత చిన్న ఊరి పేరు చెబితే ఆ ఆడవాళ్లు ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. కానీ కేసు దేశమంతటికీ ఆ పేరుతోనే తెలుసు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్లో మావోయిస్టుల వేటకు పెట్టిన గ్రేహౌండ్స్ దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు ఫిర్యాదు చేశారు. విచారణ జరగాలా వద్దా అన్న వాదన 2012లో హైకోర్టు దాకా, 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ఎస్సీ ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపింది, ఆ మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఫిర్యాదు నుంచి తీర్పు దాకా 15 ఏళ్ల 7 నెలలు పట్టింది. దర్యాప్తు మొదటి రోజుల్లో పోయిన ఆధారాన్ని పదిహేనేళ్ల తర్వాత ఏ కోర్టూ తెచ్చిపెట్టలేదు.

కాబట్టి బాధితుల పాత్ర మొదటి నెలలోనే మొదలవ్వాలి. సాయుధ బలగాల మీద ఆరోపణ వచ్చిన కేసుల్లో ఎప్పుడూ పట్టు జారేది గుర్తింపు దగ్గర. ఒకే రకం దుస్తుల్లో వచ్చిన పాతికమందిలో ఎవరు ఏం చేశారో ఆ రోజుల్లోనే మేజిస్ట్రేట్ ఎదుట గుర్తింపు పరేడ్‌లో తేలాలి. నెలలు గడిచాక పెడితే, లేదా ముందే ఎవరో ఫొటోలు చూపించి ఉంటే, దాని విలువ పోతుంది. ఆ పూట ఏ దళం ఎక్కడికి బయలుదేరింది, ఎవరు ఏ ఆయుధం తీసుకున్నారు అన్నది పోలీసు రికార్డుల్లోనే ఉంటుంది. వాటిని వెంటనే స్వాధీనం చేసుకోవాలని, వైద్య పరీక్ష 24 గంటల్లో జరగాలని, పరేడ్ పెట్టాలని బాధితులే రాతపూర్వకంగా అడగవచ్చు. అడిగిన కాగితం మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆ తర్వాత అడగలేదని ఎవరూ అనలేరు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (ఎస్సీ ఎస్టీ చట్టం) కింద దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, అభియోగపత్రం 60 రోజుల్లో వేయాలి. ఈ సంగతులు బాధితులకు తెలిసేటప్పటికి 60 రోజులూ అయిపోయి ఉంటాయి. వాళ్ల భాష వచ్చిన పారాలీగల్ వాలంటీరును (న్యాయ సహాయానికి శిక్షణ పొందిన కార్యకర్తను) మొదటి వారంలోనే ఊరికి పంపితే ఈ నష్టం సగం తప్పుతుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు ఉంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. కాకపోతే సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన ఊళ్లు మన ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. మనిషి వెళ్లాల్సింది అందుకే.

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎక్కువ కేసులు పాడయ్యేది ఇక్కడే. కోందు మహిళ తన భాష కువిలో చెబుతుంది. పక్కనున్న ఎవరో తెలుగులో చెబుతారు. వాంగ్మూలం రాసుకునే స్టేషన్ రైటరు దాన్ని స్టేషన్ తెలుగులోకి మారుస్తాడు. ‘సదరు వ్యక్తులు నన్ను బలవంతంగా లాక్కెళ్లి’ అని పదకొండు వాంగ్మూలాల్లో ఒకే వాక్యం, ఒకే వరసలో వస్తుంది. రేపు డిఫెన్స్ న్యాయవాది ఆ వాక్యాలను పక్కపక్కన పెట్టి, ఎవరో చెప్పించారని అంటాడు. అవి ఆమె మాటలు కావు, రాసినవాడివి. కాలం సంగతీ అంతే. ఆమె ‘పొద్దు కొండమీదికి రాకముందు’ అంటే కాగితం మీద ‘ఉదయం 6.00 గంటలకు’ అవుతుంది. బోనులో నిలబెట్టి ఆరా, ఏడా అని అడిగితే ఆమె తెల్లబోతుంది. ‘పాడు చేశారు’, ‘మీద పడ్డారు’ అని ఆడవాళ్లు అనే మాటలకు చట్టం దృష్టిలో ఏ అర్థం ఉందో వాంగ్మూలం తీసుకునేటప్పుడే విడమరిచి రాయకపోతే, విచారణలో ఆ మాటకు పది అర్థాలు తీస్తారు.

దీనికి చేయాల్సింది పెద్ద ఖర్చు పనేమీ కాదు. దుబాసీ పోలీసు శాఖ మనిషి కాకూడదు. బాధితురాలి బంధువు కాకూడదు. అదే ఊరి పెద్ద అసలే కాకూడదు. లైంగిక హింస కేసయితే దుబాసీ మహిళే అయి ఉండాలి. పక్క మండలం నుంచి ఇద్దరిని పెట్టుకుంటే ఒకరు చెప్పింది ఇంకొకరు సరిచూస్తారు. ఒంటి భాగాలు, బంధుత్వాలు, కాలం, దూరం, దిక్కులు, బలవంతం, బెదిరింపు, వీటికి సంబంధించిన నలభై యాభై మాటలు ఆ భాషలో ఏమంటారో ఊరి ఆడవాళ్లతోనే కూర్చుని ముందుగా రాసుకోవాలి. వాంగ్మూలాన్ని ఆమె భాషలోనే చదివి వినిపించాలి. ఆ చదవడం కూడా రికార్డు కావాలి. ఎస్సీ ఎస్టీ చట్టం కింది కేసుల్లో విచారణను వీడియో తీయాలని 2015 సవరణ చెబుతోంది. ఆ వీడియో ఉంటే అనువాదంలో తప్పు దొర్లిందని తర్వాత నిరూపించవచ్చు. లేకపోతే రైటరు రాసిందే వేదం.

ఇక రాకపోకలు. పాడేరు నుంచి విశాఖకు దాదాపు 110 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. పాడేరు చేరడానికే కొన్ని ఊళ్ల వాళ్లకు నడక, ఆటో, బస్సు మూడూ కావాలి. పదిన్నరకు కోర్టులో ఉండాలంటే ముందు రోజే బయలుదేరి నగరంలో రాత్రి గడపాలి. అంత కష్టపడి వచ్చాక ‘ఈరోజు సాక్ష్యం లేదు, పై నెల రండి’ అంటే రెండు మూడు రోజుల కూలి, ఆ వారం సంత రెండూ పోయినట్టే. సంత పోతే వారానికి సరిపడా ఉప్పూ నూనే ఉండవు. సాక్షులు రావడం లేదని కోర్టులో చెప్పే ముందు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఎస్సీ ఎస్టీ చట్టం నిబంధనల్లో 11వది దీనికోసమే ఉంది. బస్సు లేదా ట్యాక్సీకి నిజంగా అయిన ఖర్చు, ఇల్లు విడిచి ఉన్న రోజులకు భత్యం, భోజనం ఖర్చు ఇవ్వాలి. మహిళా సాక్షి తనకు నచ్చిన తోడు మనిషిని తెచ్చుకోవచ్చు. ఆ డబ్బు వెంటనే, ఆలస్యమైతే మూడు రోజుల్లోగా చేతికందాలి. ఆచరణలో ఇది ఆటో టికెట్టు దగ్గర ఆగిపోతుంది. షేర్ ఆటోవాడు రసీదు ఇవ్వడు, రసీదు లేనిదే బిల్లు పాసవదు. కలెక్టరేట్ మండలాల వారీగా ఊరి నుంచి కోర్టుకు ఎంతవుతుందో ఒక పట్టీ కట్టి, వాయిదా ముందు రోజే నగదు ఇప్పిస్తే ఈ చిక్కు ఉండదు.

తేదీల విషయంలోనూ వాళ్లనే అడగాలి. జూన్, జూలైలో విత్తనాలు, నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ల కోత, చైత్రంలో ఇటుకల పండుగ. ఈ రోజుల్లో సమన్లు పంపితే ఎవరో ఒకరు రాలేరు. ఒక్కరు రాకపోయినా వాయిదా పడుతుంది. సాక్షులున్న ఊళ్ల సంత రోజులు, పంట పనుల రోజులు ఒక కాగితం మీద రాసి పబ్లిక్ ప్రాసిక్యూటర్ దగ్గర ఉంచితే చాలు. ప్రాసిక్యూషన్, నిందితులు ఒప్పుకుంటే సెషన్స్ కోర్టు పక్షాల సౌకర్యం చూసి వేరే చోట కూర్చునే వీలు చట్టంలోనే ఉంది. కోర్టు పాడేరుకు రావడం అసాధ్యమేమీ కాదు.

మన తెలుగు నేల మీదే దీనికి నిదర్శనం ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. ప్రత్యేక కోర్టు ఊళ్లోనే పెట్టాలని, ప్రాసిక్యూటర్ తమకు నమ్మకమున్న మనిషే కావాలని ఆ దళితవాడ పట్టుబట్టింది. ఏళ్ల పోరాటం తర్వాత కోర్టు చుండూరుకే వచ్చింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది, వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బాధితులు పాల్గొంటే శిక్ష ఖాయమని మేము అనడం లేదు. కోర్టు ఊళ్లో ఉండటంతో సాక్షులు నడిచి వచ్చారు, తమ కేసులో ఏం జరుగుతోందో కళ్లారా చూశారు. అది తక్కువేమీ కాదు. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని నియమించే అధికారం ఎస్సీ ఎస్టీ చట్టం 4వ నిబంధన కింద కలెక్టరుకు ఉంది. ఫలానా న్యాయవాది కావాలని, ఎందుకు కావాలో రెండు ముక్కల్లో కారణం రాసి, అభియోగపత్రం వేయకముందే దరఖాస్తు ఇవ్వాలి. విచారణ మొదలయ్యాక మార్చమంటే ఆలస్యమే మిగులుతుంది.

అయితే ‘ఊరిని కలుపుకుపోవడం’ అనగానే కొందరికి రాజీ పంచాయితీ గుర్తొస్తుంది. పెద్దలు కూర్చుని తప్పు కట్టించి, ఇంత డబ్బని తేల్చి, పిల్ల నోరు మూయించడం న్యాయప్రక్రియ కాదు. ఎస్సీ ఎస్టీ చట్టం కింది నేరాలకు రాజీ లేదు. ఊరిలోనూ బలవంతులు, బలహీనులు ఉంటారు. రువాండాలో 1994 నరమేధం తర్వాత ఊరూరా పెట్టిన గచాచా కోర్టులు 2012లో మూసేసేనాటికి 19 లక్షలకు పైగా కేసులు తేల్చాయి. అంత పెద్ద ప్రయత్నంలోనూ ఇరుగుపొరుగు ముందు అత్యాచారం గురించి చెప్పడం ఆడవాళ్లకు నరకమైంది. ఆ కేసులను గచాచాకు మార్చిన 2008లో అవి మూసిన తలుపుల వెనకే జరగాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది.

సంప్రదింపుల సమావేశం ఎలా పెట్టాలన్నది అందుకే చిన్న విషయం కాదు. మన దగ్గర మామూలుగా జరిగేది ఇది: ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో ఒక పగటిపూట మీటింగ్, వేదిక మీద అధికారులు, తెలుగులో ఉపన్యాసాలు, చివర్లో టీ, హాజరు పట్టీలో వేలిముద్రలు. మాట్లాడేది సర్పంచి, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు. ఆ హాజరు పట్టీయే రేపు ‘గ్రామస్తులు అంగీకరించారు’ అన్న నివేదికకు ఆధారమవుతుంది. దీని బదులు ఊళ్లోనే, కొండ పనుల నుంచి తిరిగొచ్చాక రాత్రి భోజనాల వేళ దాటి, ఆడవాళ్లతో విడిగా ఆరేడుగురు చొప్పున కూర్చోవాలి. జరిగింది చెప్పమని అడగకూడదు. పోలీసుకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, కమిషన్లకు, విలేకరులకు, మాలాంటి వాళ్లకు వాళ్లు అప్పటికే ఏడెనిమిది సార్లు చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ గాయం రేగుతుంది, మాట కాస్త మారుతుంది, ఆ తేడా రేపు కోర్టులో పనికొచ్చేది అవతలి పక్షానికే. అడగాల్సింది వేరు: మీకేం కావాలి, దేనికి భయపడుతున్నారు, ఎవరితో కబురు పంపాలి, ఎవరికి తెలియకూడదు. ఆ రోజు ఏ సంతకమూ తీసుకోకూడదు. పది పదిహేను రోజులు వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనిచ్చి మళ్లీ వెళ్లాలి. ఆ గుంపులో లేనిది ఎవరో కూడా రాసుకోవాలి. ఒంటరి ఆడవాళ్లు, ఇటుక బట్టీలకు వలస వెళ్లినవాళ్లు, మిగతావారితో విభేదించి రానివాళ్లు ఎప్పుడూ తప్పిపోతారు. మూడోసారి వెళ్లినప్పుడు ఒక కాగితం చదివి వినిపించాలి. మీరు అడిగింది ఇది, ఒప్పుకున్నది ఇది, ఒప్పుకోనిది ఇది, కారణం ఇది. ఈ మూడో రాక దాదాపు ఎక్కడా జరగదు. అధికారుల మీద జనానికి నమ్మకం పోయేది అక్కడే.

మన ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. పోలీసులతో మాట్లాడినవాడు ఇన్‌ఫార్మర్, మావోయిస్టులకు అన్నం పెట్టినవాడు సానుభూతిపరుడు అన్న ముద్రల మధ్య జనం నలిగారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టులో అరకు ఎమ్మెల్యేను, మాజీ ఎమ్మెల్యేను మావోయిస్టులు కాల్చి చంపిన వార్త దేశమంతా తెలుసు. ఇన్‌ఫార్మర్ పేరుతో చంపబడ్డ మామూలు గిరిజనుల కుటుంబాల సంగతి అంతగా ఎవరికీ తెలియదు. వాళ్లూ బాధితులే. చంపింది ఎవరన్నదాన్ని బట్టి అడిగే ప్రశ్నలు, ఇచ్చే హక్కులు మారకూడదు. పోలీసు క్యాంపు కనబడే చోట సంప్రదింపులు పెట్టకూడదు. ప్రభుత్వ జీపులో వాళ్లను తీసుకెళ్లి తిరిగి ఊరి మధ్యలో దింపకూడదు. ప్రమాదం ఉంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. ముప్పు ఎంతుందో పోలీసులు అయిదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఇబ్బందల్లా ఒక్కటే. నిందితులు పోలీసులే అయినప్పుడు ఆ నివేదిక రాసేదీ పోలీసులే. అలాంటి కేసుల్లో బాధితుల మాటను జడ్జి నేరుగా, విడిగా వినాలని మా అభ్యర్థన.

పరిహారం విషయానికొస్తే, ఎంత ఇవ్వాలన్నది పట్టికలో ఉంటుంది, ఎలా ఇవ్వాలన్నది ఎవరూ అడగరు. మహిళా బాధితులకు 2018 నాటి జాతీయ పథకం కింద సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు. అందులో 75 శాతం కనీసం మూడేళ్ల డిపాజిట్‌లో, 25 శాతం చేతికి. ఖాతా భర్త పేరుతో ఉమ్మడిగా ఉందా, పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ముందే, ఆమెను ఒంటరిగా అడిగి తెలుసుకోవాలి. జాబితా తయారీలోనూ జాగ్రత్త కావాలి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊళ్లో నలుగురుంటారు, ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకో తీరు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన నాటి అకృత్యాలను విచారించిన కమిషన్ దగ్గర గడువులోపు నమోదైన బాధితులకే 2003లో ఒక్కొక్కరికి 30,000 రాండ్లు ఇచ్చారు. గడువు దాటినవాళ్ల గోడు తర్వాత ఏళ్ల తరబడి తెగలేదు. జాబితా ముగింపు తేదీ పెట్టేముందు వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చే కాలం చూడాలన్న పాఠం అందులో ఉంది.

గ్వాటెమాలాలో సెపుర్ జార్కో కేసు మనకు ఇంకా దగ్గరిది. 1980లలో సైనిక స్థావరంలో లైంగిక హింసకు గురైన కెక్చీ ఆదివాసీ మహిళల సాక్ష్యాన్ని 2012లోనే న్యాయమూర్తి ఎదుట ముందుగా రికార్డు చేశారు. ముసలితనం వల్ల, అనారోగ్యం వల్ల ఎవరి మాటా పోకూడదని. వాళ్లు తలమీద గుడ్డ కప్పుకుని, తమ భాషలో, దుబాసీల సాయంతో కోర్టులో కూర్చున్నారు. 2016 ఫిబ్రవరిలో ఇద్దరికి శిక్ష పడింది. ఆ తర్వాత పరిహారంగా ఏం కావాలో వాళ్లే చెప్పారు. ఊరికి ఆరోగ్య కేంద్రం, పిల్లలకు చదువు, భూమి హక్కు పత్రాలు కావాలన్నారు. భూమి పట్టాలు అడిగినందుకే వాళ్ల భర్తలను మాయం చేశారు మరి. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. రోడ్డు, బడి, మంచినీళ్లు ఎలాగూ ప్రభుత్వం ఇవ్వాల్సినవే. వాటినే పరిహారమని లెక్క రాసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు.

పత్రికలకూ ఒక మనవి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ముఖం మసకబార్చి, పక్కనే భర్త ముఖం, ఇంటి గుమ్మం, మండలం పేరు వేస్తే గుర్తింపు దాచినట్టు కాదు. చెక్కు పంపిణీ ఫొటోలు అసలు వేయవద్దు. దానికి బదులు కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారైనా జరగాల్సిన, ఎస్సీ ఎస్టీ చట్టం అమలు చూసే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశం జరిగిందా, అందులో ఏ కేసులు చూశారు, 11వ నిబంధన కింద ఎంతమంది సాక్షులకు డబ్బు ముట్టింది అని ప్రతి త్రైమాసికం మీ విలేకరి అడిగి ప్రచురిస్తే, మేము రాసే వంద ఉత్తరాలకన్నా ఎక్కువ పని జరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏ కేసు ఫైలు విశాఖలో ఉంది, ఏది పాడేరులో ఉంది అన్నది కూడా బాధితులకు రాతపూర్వకంగా చెప్పమని అడగండి.

చివరిగా తీర్పు గురించి. ప్రత్యేక కోర్టు తీర్పు మీద హైకోర్టుకు వెళ్లడానికి గడువు 90 రోజులు. నిర్దోషులుగా విడుదల చేసినా, తక్కువ నేరానికే శిక్ష వేసినా, పరిహారం చాలకపోయినా బాధితులు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు. కానీ ఇంగ్లీషులో ఉన్న పుటలకొద్దీ తీర్పు ఊరికి చేరదు, చేరినా చదివేవాళ్లు ఉండరు. కేసు పోయిందట అన్న మాట ఒక్కటే సంతలో వినబడుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తీర్పు వచ్చిన వారంలోపే న్యాయవాదిని, దుబాసీని ఊరికి పంపాలి. కోర్టు ఏది నమ్మింది, ఏది నమ్మలేదు, ఎందుకు అన్నది వాళ్ల భాషలో చదివి వినిపించి, అప్పీలుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చెప్పి రావాలి.

ఇట్లు,
న్యాయ సహాయ కార్యకర్తలు కొందరు,
విశాఖపట్నం